ముగ్గురు మెరివిక్‌లు, ఒక ముందుమాట

ద్వారకానాథ్ చేతికి టీ గ్లాసు అందిందంటే, అది ఖాళీ అయ్యేలోపు లోకంలో ఎక్కడో ఒక ఘనకార్యం జరిగి తీరాలి, అదీ ఆయన చేతుల మీదుగానే జరగాలి. ఈ సంగతి సిడ్నీలో ఎడ్మండ్‌సన్ పార్క్ వాళ్ళకి తెలుసు, పెండిల్ హిల్‌లో దోసెల హోటలు వాళ్ళకి మరీ బాగా తెలుసు. టూవూంబాలో శారదాంబ ఇంటి వెనక వరండాలో కూర్చున్న వాళ్ళకి ఇప్పుడు తెలియబోతోంది.

జులై నెల, ఆస్ట్రేలియాలో చలికాలం. మధ్యాహ్నం రెండు దాటినా కొండ మీద మంచు విడలేదు. పెరట్లో బట్టలారేసే తీగ సగం దాకానే కనిపిస్తోంది. పొద్దున్నే సత్యనారాయణ పదకొండో మాసికం అయింది. బ్రిస్బేన్ పురోహితుడు ఫోన్లో కనిపించి మంత్రం చెప్తుంటే, పంచదార డబ్బాకి ఆనించిన ఆ ఫోన్ ముందు కూర్చుని కూతురు ప్రియే తండ్రికి తర్పణం వదిలింది. కొడుకుల్లేని ఇంట్లో ఎవరు వదిలితేనేం అన్నాడు పురోహితుడు. భోజనాలయ్యాక వాళ్ళింటికి ఆప్తుడైన డాక్టర్ విష్ణువర్ధన్, ఆయన భార్య వసంత, ప్రియ వరండాలో హీటరు చుట్టూ చేరారు. సిడ్నీ నుంచి పొద్దుటి విమానంలో బ్రిస్బేన్‌లో దిగి, విష్ణువర్ధన్ కారులో కొండెక్కి వచ్చిన ద్వారకానాథ్‌కి పేము కుర్చీ ఇచ్చారు. అది సత్యనారాయణ కుర్చీ.

శారదాంబ మాత్రం ఆయన మొహం చూడటం లేదు. ఆయన కాళ్ళ దగ్గర పెట్టుకున్న గుడ్డసంచీని చూస్తోంది.

వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజుకి భర్త రాసిన పుస్తకం అచ్చులో చూడాలని ఆవిడ కోరిక. ఇంకో కోరికంటూ లేదు. విజయవాడ ప్రెస్సువాడు ఈ వారంలో పంపితే నెలలో వేసిస్తానన్నాడు. పుస్తకం ఉంది, బొమ్మలున్నాయి, అట్ట కూడా ఉంది. లేనిదల్లా ముందుమాట. పెళ్ళికి పెద్దలు రాకపోతే ఎలా ఉంటుందో మనవాళ్ళకి ముందుమాట లేని పుస్తకం అలా ఉంటుంది. సత్యనారాయణ పోయే ముందు కూడా అదే చెప్పాడు, ద్వారక రాయకుండా పుస్తకం వెయ్యొద్దని. కాలేజీలో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు, పైగా తెలుగు సంఘాల సావనీర్లకీ కవితా సంకలనాలకీ నలభై మూడు ముందుమాటలు రాసిన చెయ్యి. మూడువందల పన్నెండు పేజీల సాఫు ప్రతి రెండేళ్ళ కిందట ఆయనకి చేరింది. ఆ సాఫు ప్రతి శారదాంబ చేత్తో రాసిందే. సత్యనారాయణ చిత్తుప్రతి సత్యనారాయణకి తప్ప దేవుడికి కూడా అర్థం కాదు.

"అసలు మెరివిక్‌ల గురించి ఈ ఆస్ట్రేలియాలో నాకంటే ముందు ఎవడికి తెలుసండీ?" అని మొదలెట్టాడు ద్వారకానాథ్, టీ ఒక గుక్క తాగి. "సత్యం పుస్తకం రాశాడు, కాదన్ను. కానీ ఆ ఊరి మట్టి తొక్కింది ఎవరు? గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు, ఉన్నది ఉన్నట్టు చెప్తా. రెండువేల పదకొండులో ఆఫీసు పని మీద అమెరికా వెళ్ళా. ఓ వీకెండ్ ఖాళీ దొరికింది. మిగతావాళ్ళు షాపింగన్నారు. నేను కారు తీసుకుని మెరివిక్‌ల ఊరెళ్ళి ఆ ఇల్లు చూసొచ్చా. అంతే. అంతకంటే ఏం లేదు."

అంతకంటే ఏం లేదన్నవాడు అక్కడితో ఆగితే బాగానే ఉండేది.

"వాళ్ళెవరంకుల్?" అంది వసంత. ఆవిడకి పుస్తకాల గొడవ పెద్దగా తెలియదు.

"మెరివిక్ అని ఒకే ఇంటిపేరుతో ముగ్గురు అమెరికన్ రైటర్లమ్మా. ఎలైజా కవి. గోధుమచేలల్లో తిరుగుతూ ధాన్యపు కొట్ల తలుపుల మీద బొగ్గుతో పద్యాలు రాసేవాడు. కార్నీలియా పదకొండు నవల్లు రాసింది, పుట్టిన ఊరి పొలిమేర దాటకుండా. మూడోది రూత్. ఒక్కటే పుస్తకం రాసింది, సొంత కథ. మన సత్యం కౌన్సిల్‌లో నీళ్ళ ఇంజినీరై ఉండి, ఇక్కడ చారిటీ వాళ్ళ పాత పుస్తకాల అమ్మకంలో ఈ ముగ్గురి పుస్తకాలూ ఒకే పెట్టెలో దొరికితే పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ పిచ్చి అక్కణ్ణుంచి."

శారదాంబ మనసు కొంచెం కుదుటపడింది. ఇంతవరకూ అన్నీ నిజాలే, పుస్తకంలో ఉన్నవే. చదివే ఉంటాడు. మనిషి కోతలు కోస్తే కొయ్యనీ, చదివితే చాలు. వేడిచేసిన గారెల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి, ఆవిడ కూడా ఓ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ ఇంటి గోడకి ఓ ఇత్తడి పలక. ఎలైజా పుట్టిన సంవత్సరం చెక్కారు. చూడగానే అన్నా, ఇది తప్పు అని. అక్కడి గైడు నవ్వాడు. నవ్వుతావురా అని చర్చి రిజిస్టరు తెప్పించా, స్కూలు రిజిస్టరు తెప్పించా. నేను చెప్పిందే కరెక్టు! స్క్రూడ్రైవరు తెప్పించి ఆ పలక అక్కడికక్కడే ఊడదీయించా. గైడు రెండు చేతులూ పట్టుకుని, సార్, మీరు పైకి రావాలి, అటక మీద ఓ ట్రంకు పెట్టె ఉంది, నూట ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ తెరవలేకపోయారు అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తాళం పగలగొట్టారా?" అన్నాడు విష్ణువర్ధన్.

"పగలగొట్టడం మన సంస్కారం కాదు డాక్టరూ. జేబులో మా నాన్నగారి పాత స్కూటరు తాళంచెవి ఉంది. గుర్తుగా ఉంచుకున్నా. పెట్టి తిప్పా. టక్! లోపల చేతిరాత ప్రతులు, ఏడువేల పేజీలు. కూర్చున్నవాణ్ణి లేవకుండా సాయంత్రానికల్లా చదివేశా."

"ఏడువేలా? నాకు హాస్పిటల్లో రెండు పేజీల డిశ్చార్జ్ సమ్మరీ చదవడానికే అరగంట పడుతుందంకుల్."

"అందుకే నువ్వు డాక్టరువయ్యావు, నేను ఇలా అయ్యా," అన్నాడు ద్వారకానాథ్. అందరూ నవ్వారు. శారదాంబ నవ్వలేదు. ఏడువేల పేజీలు ఒక్క పూటలో చదివినవాడికి మూడువందల పన్నెండు చదవడానికి రెండేళ్ళు ఎందుకు పట్టిందో అనుకుని, పాపం ఇవాళ అలాంటి లెక్కలు వెయ్యకూడదని తనకి తనే సర్దిచెప్పుకుంది. గారెలు ఆయన వైపు జరిపింది.

ఆయన ఓ గారె అందుకుని, అది నోట్లో ఉండగానే ఊరి గొడవలోకి దిగాడు. "అసలు ఆ కుటుంబం విడిపోయింది ఒక బావి దగ్గరమ్మా. ఎలైజా అన్న, కార్నీలియా చెల్లెలు. బావి నాదంటే నాది. నూట ముప్ఫై ఏళ్ళు! ఊరు రెండు ముక్కలైపోయింది. అటువైపు వాళ్ళకి ఇటువైపు వాళ్ళకి మాటల్లేవు, అటువైపు చర్చి గంట ఇటు వినపడకూడదని ఇటువాళ్ళు చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు."

అన్నాచెల్లెళ్ళు అన్న మాట దగ్గర శారదాంబ చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. వేళాకోళానికి అంటున్నాడేమో అని ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహం ఊపులో ఉంది, అందులో వేళాకోళమేమీ లేదు.

ఆవిడకి అప్పటి ఫోన్ గుర్తొచ్చింది. సాఫు ప్రతి కట్ట పంపిన పదిరోజులకి సత్యనారాయణ ఇదే కుర్చీలో కూర్చుని ఫోన్ చేశాడు. "ఒరేయ్ ద్వారకా, పై కాగితం చూశావురా?" అన్నాడు. స్పీకర్లో అవతలి గొంతు గట్టిగా వినిపించింది: "చూశాన్రా సత్యం! చదువుతుంటే కళ్ళనీళ్ళు ఆగలేదనుకో." సత్యనారాయణ ఫోన్ పెట్టేసి చాలాసేపు పెరట్లోకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "వాడు చూశాట్ట," అన్నాడు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం ముందు గదిలో మంచానికి ఉతికిన దుప్పటి వేసేవాడు. ద్వారక వస్తాడు అనేవాడు. ముందుమాట గురించి మాట్లాడుకోవడానికి కాబోలు అనుకుంది శారదాంబ. ప్రతి సోమవారం ఎవరూ పడుకోని ఆ దుప్పటి తీసి మడతపెట్టేది. వేసవిలో ఆయన బాత్రూమ్‌లో కూలబడి, ఆసుపత్రికి తీసుకెళ్ళేదాకా, ఒంట్లో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. చివరి వారంలో కూడా, "ద్వారక ఏమీ అన్లేదా?" అని అడిగాడు. ఏమన్నా అనాలా అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"రెండు వర్గాలవాళ్ళనీ పిలిపించా," అంటున్నాడు ద్వారకానాథ్. "మన ఊళ్ళో పెద్దమనుషులు చేసినట్టే. ఆరువందలమంది! ఎదురెదురుగా కూర్చోబెట్టా. మా ఆవిడ సూట్‌కేసులో పెట్టిన ఆవకాయ సీసా తీసి వేడన్నంలో తలా ఒక ముద్ద కలిపి చేతిలో పెట్టా. ఆరువందల ముద్దలు, ఒక్కటే సీసా, అడుగంటలేదు! తిన్నారు, ఏడ్చారు. సగం కారానికి, సగం ప్రేమకి. ఒకళ్ళనొకళ్ళు కావిలించుకున్నారు. దారిన పోయే రైలు ఆగిపోయింది. డ్రైవరు దిగొచ్చి నాకో ముద్ద అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గవర్నర్ వచ్చుంటాడు," అన్నాడు విష్ణువర్ధన్.

"వచ్చాడు! నీకెలా తెలుసు? హెలికాప్టర్లో వచ్చాడు. నన్ను స్మశానానికి తీసుకెళ్ళాడు. ఎలైజా సమాధి రాయి వందేళ్ళుగా ఓ పక్కకి ఒరిగిపోయుంది, క్రేన్లు పెట్టి లాగినా కదల్లేదు. నేను దగ్గర నిలబడి ఆయన పద్యం తెలుగులోకి మార్చి రాగం తీశా. రాయి దానంతటదే నిటారుగా లేచి నిలబడింది, స్కూల్లో మేష్టర్ని చూసి పిల్లాడు నిలబడ్డట్టు."

వసంత పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ప్రియ నవ్వడం లేదు. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, తల్లి మొహం వంక చూస్తోంది. ఈ దేశంలో పుట్టిన పిల్ల. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, చదవడం మాత్రం ఒక్క అక్షరం రాదు.

ద్వారకానాథ్ గొంతు తగ్గించాడు. పెద్ద కోత వచ్చేముందు ఆయన గొంతు తగ్గుతుంది.

"అప్పుడు చెప్పారు, రూత్ ఇంకా బతికే ఉందని. ఎలైజా మనవరాలు. నూటపంతొమ్మిదేళ్ళు! వెనక గదిలో మంచం మీద దూదిపింజెలా ఉంది. డాక్టర్లు పదిసార్లు పోయిందన్నారు, పదిసార్లూ కళ్ళు తెరిచింది. ఎందుకో తెలుసా? పుస్తకంలో ఆఖరి వాక్యం కుదరలేదు. అది ఎవరో వచ్చి చెప్పాలి. ఎవరికోసం ఎదురుచూస్తోందో ఎవరికీ తెలియదు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే, ద్వారకా, వచ్చావా అంది! నా పేరు ఆవిడకెవరు చెప్పారు? పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఆ ఆఖరి వాక్యం చెవిలో చెప్పా. ఇంత నవ్వు నవ్వింది, కళ్ళు మూసింది. నా ఒక్క మాట కోసం ప్రాణం అంటిపెట్టుకుని ఉందమ్మా ఆ మహాతల్లి. నేను వెళ్ళకపోతే ఏమైపోయేదో."

హీటరు టిక్కు టిక్కుమంటోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో వసంతకి కూడా తెలియలేదు.

ప్రియ అంది, మెల్లగానే: "అంకుల్, బట్ దే వర్ నాట్ రిలేటెడ్."

"ఏంటమ్మా?"

"ద త్రీ ఆఫ్ దెమ్. వాళ్ళు ఫ్యామిలీ కాదు. దట్స్ ద హోల్ బుక్, అంకుల్. నాన్న డిన్నర్ దగ్గర రోజూ చెప్పేవాడు. ఐ కాన్ట్ ఈవెన్ రీడ్ ఇట్, అండ్ ఐ నో దట్."

ద్వారకానాథ్ గ్లాసులోకి చూశాడు. అందులో టీ లేదు. "అంటే... నేను చెప్తున్నది వేరే మెరివిక్‌ల గురించి," అన్నాడు.

శారదాంబకి మొదటి పేజీ నోటికొచ్చు. తన చేత్తో రాసింది. చూడకుండానే చెప్పింది. "ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు కనక ముగ్గురూ ఒక ఇంటివాళ్ళే అనుకున్నాను. గోదావరి జిల్లాలో పుట్టినవాడు ఇంకోలా అనుకోలేడు. నా పొరపాటు నాకు తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది. ఎలైజాకి ఆ పేరు ఓడరేవులో గుమాస్తా రాసిచ్చాడు, అసలు పేరు పలకలేక. కార్నీలియా ఓ పాత సమాధి రాయి మీద చూసి కలంపేరుగా పెట్టుకుంది. రూత్‌కి వచ్చింది మాత్రం ఆమె ముత్తాతని బానిసల సంతలో కొన్నవాడి పేరు." ఆవిడ సంచీ వైపు చూసింది. "ఇదీ మొదటి పేజీ అన్నయ్యగారూ."

"నాన్న క్రైడ్ వెన్ హి టోల్డ్ మి అబౌట్ రూత్," అంది ప్రియ. "అండ్ యూ గేవ్ హర్ ఎలైజా ఫర్ ఎ గ్రాండ్‌ఫాదర్."

విష్ణువర్ధన్ లేచి హీటరు తగ్గించబోయి, తగ్గించకుండానే మళ్ళీ కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నామీద పనులు నీకు తెలియనివి కావు," అన్నాడు ద్వారకానాథ్. "సంఘం ఎలక్షన్లు, ఉగాది సావనీరు. ముందుమాట మైండ్‌లో రెడీగా ఉంది. కాగితం మీద పెట్టడమే తరువాయి. రేపు పొద్దున్నకి..."

శారదాంబ వంగి ఆయన కాళ్ళ దగ్గర్నుంచి సంచీ తీసుకుంది. లోపల కట్ట. పైన పాత వార్తాపత్రిక చుట్టి, దాని మీద నీలం ఊలు దారం. ఆ ఊలు ఆవిడదే, ప్రియకి స్వెట్టరు అల్లగా మిగిలింది. ముడి మాత్రం సత్యనారాయణది. కట్టేరోజు ఆవిడ అక్కడే ఉంది. ఒక కాగితం రాసి మడిచి పైన పెట్టి, పేపరు చుట్టి, దారానికి రెండు కొసలూ పట్టుకుని, ఒక కొస పళ్ళతో లాగి మరీ వేశాడు పీటముడి. ఏమిటండీ ఆ కాగితం అంటే, వాడికి, అన్నాడు.

అదే ముడి. కొస మీద పళ్ళ నొక్కు కూడా ఉన్నట్టే అనిపించింది ఆవిడకి.

అంతవరకూ కోపం ఉంది, అది పోయింది. ఏడుపు వచ్చింది. చచ్చిపోయిన మనిషి వేళ్ళు ఆఖరిగా బిగించింది ఇంకా ఊడకుండా ఉంటే ఎవరికి మాత్రం చేతులు ఆడతాయి? ప్రియ లోపలికెళ్ళి కత్తెర తెచ్చింది. శారదాంబ వద్దని తలూపింది. గోళ్ళతో గిల్లి, పోగు పోగు లాగి, చాలాసేపటికి విప్పింది.

మడిచిన కాగితం విప్పి చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. తర్వాత ఆయనకి అందించింది.

"మీకే రాశారు. చదవండి."

ద్వారకానాథ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఏ కాగితమైనా సభలో చదివినట్టు చదవడం ఆయన అలవాటు, అలాగే మొదలుపెట్టాడు. "ఒరేయ్ ద్వారకా, పుస్తకం తర్వాత తీరిగ్గా చదువుదువుగాని. ముందు ఇది. బ్రిస్బేన్‌లో స్కాన్ చేయించుకున్నాను..."

చదవడం ఆపేశాడు.

"పైకే చదవండి అన్నయ్యగారూ," అంది శారదాంబ. "ఇక్కడ తెలుగు చదవడం రాని నా కూతురు ఉంది. అది వినాలి."

ఆయన చదివాడు. ఇప్పుడు ఆ గొంతులో సభా లేదు, రాగమూ లేదు.

"పాంక్రియాస్‌లో ఉందిట. ఏడాది అన్నారు. విష్ణుకి చెప్పలేదు, వాడికి తెలిస్తే ఇంట్లో తెలుస్తుంది. శారదకి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ప్రియ మొహం చూస్తే అసలే రాదు. నువ్వొచ్చి రెండు రోజులుండు. నువ్వు పక్కనుంటే చెప్పగలను. మాటలు నీకు బాగా వచ్చు. సత్యం."

వసంత భర్త చెయ్యి పట్టుకుంది. విష్ణువర్ధన్ నేల చూపులు చూస్తున్నాడు.

"నేను చూళ్ళేదు చెల్లెమ్మా," అన్నాడు ద్వారకానాథ్. "అసలు విప్పనేలేదు. చూసుంటే రాకుండా ఉంటానా?"

"ఆయనకి చూశానన్నారు కదా."

"ఏదో మాటవరసకి... వాడు సంతోషిస్తాడని..."

"చూసి కూడా రాలేదనుకున్నారు ఆయన. ప్రతి శుక్రవారం మంచం మీద దుప్పటి వేశారు. వారం వారం ఆ దుప్పటి మడతపెట్టింది నేను. ఆ వేసిందెందుకో ఇవాళ తెలిసింది నాకు."

ఆయన నోరు తెరిచాడు. నలభై మూడు ముందుమాటలు రాసిన మనిషి, రైళ్ళాపినవాడు, సమాధి రాళ్ళు లేపినవాడు. ఒక్క మాట రాలేదు.

శారదాంబ ఆయన చేతిలోంచి కాగితం తీసుకుంది. మడత ఎలా ఉందో అలాగే మడిచి, మూడువందల పన్నెండు పేజీల మీద మొదటి పేజీ కంటే ముందు పెట్టింది. దారం తీసుకుని, ఈసారి మామూలు ముడి వేసింది.

"ముందుమాట వచ్చేసింది అన్నయ్యగారూ," అంది. "ఇంక మీరు శ్రమపడక్కర్లేదు."